బంగారం జాడ పట్టడం: జొన్నగిరి, రామగిరి నేలల్లో అన్వేషణ నైపుణ్యం

తొలకరి పడగానే కర్నూలు జిల్లా తుగ్గలి, మద్దికెర, అనంతపురం జిల్లా వజ్రకరూరు మండలాల చేలల్లోకి జనం దిగుతారు. పక్క జిల్లాల నుంచి, కర్ణాటక నుంచి కూడా వస్తారు. చెట్ల కింద వండుకుని తింటూ, పొద్దున్నుంచి మాపటిదాకా తల వంచుకుని ఎర్రమట్టిలో వజ్రాల కోసం రాళ్ళు ఏరుతారు. వజ్రం విషయంలో ఈ పద్ధతికి అర్థం ఉంది. వాన మట్టిని కడిగితే రాయి పైకి తేలుతుంది, ఎండకు మెరుస్తుంది, ఒక్కటి దొరికినా దానికి ధర పలుకుతుంది.

అదే నేలలో బంగారమూ ఉంది. తుగ్గలి మండలం జొన్నగిరి చుట్టుపక్కల ఏళ్ళ తరబడి సర్వేలు, డ్రిల్లింగ్ జరిగాక 2013లో ఒక ప్రైవేటు సంస్థకు గని లీజు వచ్చింది. కానీ వజ్రాన్ని వెతికినట్టు వెతికితే ఇక్కడ బంగారం దొరకదు. ఈ ప్రాంతపు బంగారం చాలావరకు కంటికి ఆననంత సన్నటి రజను, అదీ రాతిలో కలిసిపోయి ఉంటుంది. టన్ను రాతికి ఒకటి రెండు గ్రాములున్నా గని తవ్వే ఆలోచన చేస్తారు. అంటే పది లక్షల పాళ్ళలో ఒకటో రెండో పాళ్ళు. టన్ను రాతిలోని రెండు గ్రాములనూ ఒకచోట ముద్ద చేసినా, అర సెంటీమీటరు పక్కలున్న చిన్న ఘనమంత కూడా కాదు. దాన్ని చూపుతో పట్టలేం. రాతి జాతి, నేల వాలు, వంక (వాగు) నడక, ఇసుక బరువు ఇవన్నీ కలిపి చదివి, జాడ పట్టుకుంటూ వెనక్కి వెళ్ళాలి. ఈ పనిలో చేయి తిరగడం అంటే ముందుగా ఎక్కడ వెతకనక్కర్లేదో తెలుసుకోవడం.

ఎక్కడ ఉంటుంది, ఎక్కడ ఉండదు

దక్షిణ భారతంలో పేరున్న బంగారు గనులు చాలావరకు ఒకే రకం రాళ్ళ పట్టీల్లో ఉన్నాయి. కోలారు, రాయచూరు జిల్లాలోని హట్టి, రామగిరి, జొన్నగిరి అన్నీ ధార్వార్ శిలల పట్టీలే. 250 కోట్ల ఏళ్ళకు పైబడిన ఈ శిలలు ఒకప్పటి లావా, దాంతోపాటు పేరుకున్న అవక్షేపాలు. తర్వాత ఒత్తిడికీ వేడికీ నలిగి పొరలు పొరలుగా మారాయి. చుట్టూ ఉన్న గ్రానైటు మైదానంలో ఇవి సన్నగా, పొడుగ్గా, ఎక్కువగా ఉత్తర దక్షిణాలుగా సాగుతాయి. గ్రానైటు గుండ్లు గుట్టలుగా పేరుకుని కనిపిస్తే, ఈ పట్టీల్లో ఆకుపచ్చ ఛాయ ఉన్న నల్లటి రాయి పలకలుగా విడిపోతూ కనిపిస్తుంది. శిస్టు అంటారు దాన్ని. ఉమ్మడి అనంతపురం జిల్లాలో, ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లాలో ఉన్న రామగిరి దగ్గర నుంచి ఉత్తరంగా మిడ్ పెన్నార్ డ్యాం ఉన్న పెనకచెర్ల వైపు సాగే పట్టీ ఇలాంటిదే.

కడప, దాని చుట్టుపక్కల ప్రాంతం సంగతి వేరు. అక్కడి క్వార్ట్‌జైటు, సున్నపురాయి, షేల్ పొరలు ధార్వార్ శిలల తర్వాత కోట్ల ఏళ్ళకు నీటి అడుగున పేరుకున్నవి. వాటి సంపద వాటికి ఉంది: మంగంపేట ముగ్గురాయి, పులివెందుల ప్రాంతపు రాతినార (ఆస్‌బెస్టాస్), తుమ్మలపల్లె యురేనియం. బనగానపల్లె ప్రాంతపు గులకరాళ్ళ పొరల్లో వజ్రాలూ దొరికాయి. బంగారానికి మాత్రం ఇది అనువైన చోటు కాదు. షేల్ రాళ్ళలో, నల్ల సున్నపురాళ్ళలో పసుపుపచ్చగా మెరిసే పైరైటు (ఇనుము, గంధకం కలిసిన ఖనిజం) ఘనాలు చూసి ఆశపడేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. పటంలో రాతి జాతి ఏమిటో ముందే చూసుకుంటే ఆ శ్రమ తప్పుతుంది.

ఆ పటాలు ఈ రోజు ఎవరికైనా అందుబాటులో ఉన్నాయి. జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా నడిపే భూకోశ్ పోర్టల్‌లో జిల్లాల భూగర్భ పటాలు దొరుకుతాయి. 2023 డిసెంబరులో మొదలైన జాతీయ భూవిజ్ఞాన డేటా రిపాజిటరీలో అన్వేషణ సమాచారం పెడుతున్నారు. పొలంలో పది రోజులు తిరిగేవాడి కంటే, ఒక పటం ముందు కూర్చుని శిస్టు పట్టీ ఎక్కడ వంపు తిరిగింది, ఎక్కడ గ్రానైటుతో కలిసింది, ఏ వంకలు దాన్ని కోసుకుంటూ పోతున్నాయి అని గుర్తించేవాడే ముందుంటాడు. కంపెనీలు లక్షలు పెట్టి చేసే పనిలో మొదటి భాగం ఇదే, ఇది ఇంట్లో కూర్చుని ఉచితంగా నేర్చుకోదగ్గది. జియాలజీ చదివే పిల్లలు కూడా దీన్ని తేలిగ్గా తీసుకోవడం బాధ కలిగించే విషయం.

పటం తర్వాత చూడాల్సింది పాతకాలపు తవ్వకాలు. మన పూర్వులు పైపైన కనిపించే బంగారాన్ని దాదాపుగా వదల్లేదు. మంట వేసి రాతిని కాచి, పగలగొట్టి, నూరి, కడిగి తీశారు. హట్టిలో ఆ తవ్వకాలు 600 అడుగులకు పైగా లోతుకు దిగాయి, అదీ దాదాపు రెండు వేల ఏళ్ళ నాడే. జొన్నగిరికి దగ్గర్లోని ఎర్రగుడి బండల మీద అశోకుడి శాసనాలున్నాయి. 1920ల చివర్లో వాటిని గుర్తించి వెలుగులోకి తెచ్చింది ఒక భూగర్భ శాస్త్రవేత్తే. మౌర్యుల దక్షిణ ప్రాంత రాజధాని సువర్ణగిరి జొన్నగిరేనని కొందరు చరిత్రకారులు, కర్ణాటకలోని కనకగిరి అని మరికొందరు అంటారు. ఆ వాదం ఎటు తేలినా, ఈ నేల మీద బంగారం కోసం మనుషులు ఏనాడో తిరిగారన్నది నిజం. పూడిపోయిన కందకాలు, వాటి పక్కన పలుగురాయి ముక్కల దిబ్బలు, బండ మీద నూరి నూరి పడిన నున్నటి గుంతలు వాళ్ళు వదిలిన గుర్తులు. ఇవి వరుసగా ఒకే దిక్కుకు సాగుతుంటే కింద ఉన్న బంగారు తీగ, అంటే రాతి చీలికలో బంగారంతో పేరుకున్న పలుగురాతి పట్టీ, కూడా ఆ దిక్కుకే నడుస్తోందని అర్థం.

అయితే ఈ గుర్తులను చూడాలి, ముట్టకూడదు. శాసనాల చోటు పురావస్తు శాఖ రక్షణలో ఉంది. గుప్తనిధుల పేరుతో సీమలో గుళ్ళూ బండలూ తవ్విపోసే ముఠాలు చేసిన నాశనం ఇప్పటికే చాలు. రామగిరి ప్రాంతంలో 20వ శతాబ్దం మొదట్లో బ్రిటిష్ కంపెనీలు తవ్వి 1920లలో వదిలేసిన గనులున్నాయి. తర్వాత భారత్ గోల్డ్ మైన్స్ సంస్థ అక్కడ మళ్ళీ పని చేసి 2001లో ఆపేసింది. అలాంటి పాత గనుల బావులు, సొరంగాల దగ్గరికి వెళ్ళడం ప్రాణం మీదికి తెచ్చుకోవడమే. లోపల నీళ్ళుంటాయి, గాలి ఉండదు, అంచుల్లో మట్టి ఎప్పుడు కూలుతుందో తెలియదు.

చట్టం ఏమంటుంది

ఈ మాట ఇక్కడే చెప్పుకోవాలి. 1957 నాటి గనులు, ఖనిజాల చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా ఖనిజం కోసం అన్వేషణ గానీ తవ్వకం గానీ చేయకూడదు. సొంత చేను అయినా సరే. 2015 సవరణ తర్వాత లీజులు వేలంలోనే ఇస్తున్నారు. అక్రమ తవ్వకానికి ఐదేళ్ళ దాకా జైలు, హెక్టారుకు ఐదు లక్షల రూపాయల దాకా జరిమానా ఉంది. 2023 సవరణలో బంగారం లాంటి లోతు ఖనిజాలకు అన్వేషణ లైసెన్సు అనే కొత్త పద్ధతి వచ్చింది. దానితో ప్రైవేటు అన్వేషణ సంస్థలకు దారి తెరుచుకుంది. అన్వేషణ శిబిరాల్లో నమూనాలు తీయడం తెలిసిన స్థానిక యువకుల అవసరం ఎప్పుడూ ఉంటుంది. కింద చెప్పుకునే పనులన్నీ లైసెన్సు ఉన్న జట్టుతోనో, కళాశాల ఫీల్డు పర్యటనలోనో చేయాల్సినవి. గాలించడం మాత్రం ఇంటి పెరట్లోనే సాధన చేయొచ్చు.

రాయిని చదవడం

పలుగురాయి కనిపించిన చోటల్లా బంగారం ఉంటుందని ఒక నమ్మకం. అనంతపురం జిల్లాలో పలుగురాయి లేని ఊరు దొరకడం కష్టం, కాబట్టి ఆ నమ్మకం వల్ల వచ్చేది అలసటే. పాలలా తెల్లగా, గట్టిగా, ఏ మరకా లేకుండా ఉండే పలుగు చాలామటుకు వట్టిది. బూడిద రంగో, నీలం కలిసిన పొగ రంగో ఉండి, పొరలు పొరలుగా చీలి, ఆ పొరల మధ్య శిస్టు చారలు ఇరుక్కుని ఉన్న పలుగు మీద దృష్టి పెట్టాలి. దాని మీద తుప్పు రంగు మరకలు, చిన్న చిన్న చతురస్రపు బొరియలు ఉంటే ఇంకా మంచిది. ఒకప్పుడు అక్కడ పైరైటు స్ఫటికాలు ఉండి, గాలికీ వానకూ కరిగిపోయి, ఖాళీ గూళ్ళు మిగిలాయన్నమాట. పైరైటుతో, ఆర్సెనిక్ కూడా ఉండే ఆర్సెనోపైరైటుతో బంగారం కలిసి రావడం ఈ పట్టీల్లో సాధారణం. అందుకే ప్రయోగశాలలో మట్టి నమూనాల్లో బంగారంతో పాటు ఆర్సెనిక్‌ను కూడా కొలుస్తారు. బంగారం కంటే ఆర్సెనిక్ ఎక్కువ దూరం, ఎక్కువ మోతాదులో పరుచుకుంటుంది కనుక అది దారి చూపుతుంది.

తీగ చుట్టూ ఉన్న రాయిని కూడా చూడాలి. మామూలు శిస్టు గట్టిగా, నల్లగా ఉంటుంది. బంగారం మోసుకొచ్చిన వేడినీళ్ళు పారిన చోట అది మెత్తబడి, రంగు వెలిసి, అభ్రకంతో తళతళలాడుతూ, పైన గోధుమ రంగుకు తిరుగుతుంది. ఇనుము కలిసిన కార్బొనేటు ఎండకు ఆ రంగు పులుముకుంటుంది. రాయి నలిగి చీలిన పట్టీలు, అవి వంపు తిరిగే చోట్లు, శిస్టుకూ గ్రానైటుకూ మధ్య సరిహద్దులు వెతకదగ్గవి. జొన్నగిరిలో బంగారం అలాంటి సరిహద్దు దగ్గర, నలిగిన గ్రానైటు జాతి రాతిలోనే ఉంది. శిస్టులో మాత్రమే వెతకాలని పట్టుబట్టినవాళ్ళు అక్కడ దాన్ని దాటిపోయేవాళ్ళే.

చేలో దొరికే విడి ముక్కల అంచులు కూడా చాలా చెబుతాయి. పదునుగా ఉంటే పుట్టినచోటు దగ్గర్లోనే ఉంది. అరిగి గుండ్రంగా ఉంటే నీళ్ళు మోసుకొచ్చాయి, పైకి వెళ్ళాలి. ఒక జాగ్రత్త మాత్రం తప్పదు. మన రైతులు దున్నకానికి అడ్డొచ్చే పలుగురాళ్ళను తరాల తరబడి ఏరి గట్ల మీద కుప్పలు పోశారు. గట్టు మీద పలుగు కుప్ప పెద్దదిగా ఉందని దాని కింద తీగ ఉందనుకోకూడదు. ఆ చేను మనిషిని అడగాలి: ఏ పక్క రాయి ఎక్కువ పడేది, నాగలి ఎక్కడ తగులుకునేది, బావి తవ్వినప్పుడు ఎన్ని అడుగుల్లో ఏ రాయి వచ్చింది. ఆ పెద్దమనిషి చెప్పే జవాబులో సగం భూగర్భ పటం ఉంటుంది.

వంకలో జాడ

కొండ మీద రాయి శిథిలమైతే అందులోని బంగారు రజను వానకు కొట్టుకొచ్చి వంకల్లో చేరుతుంది. ఆ జాడను కింది నుంచి పైకి పట్టుకుంటూ వెళ్ళడమే అన్వేషణలో పాత పద్ధతి, ఇప్పటికీ పనిచేసే పద్ధతి. సీమలో వంకలు ఏడాదిలో ఎక్కువ రోజులు ఎండిపోయి ఉంటాయి. ఇది ఒక రకంగా మేలు. అడుగు బండ బయటపడి, దాని నెర్రెలు చేతికందుతాయి.

బంగారం సాంద్రత 19.3, పలుగు ఇసుకది 2.65. నీళ్ళలో తేలించే బలం తీసేస్తే, ఒకే పరిమాణం ఉన్న రెండు రేణువుల్లో బంగారానిది పలుగు కంటే 11 రెట్లు బరువు. అయస్కాంతానికి అంటుకునే నల్ల ఇసుక, అంటే మాగ్నెటైటు, సాంద్రత 5.2. దానికంటే కూడా బంగారం నీళ్ళలో నాలుగు రెట్లకు పైగా బరువు. కాబట్టి ప్రవాహం నెమ్మదించిన ప్రతిచోటా ముందు దిగిపోయేది బంగారమే. వంక వంపు లోపలి పక్క, పెద్ద గుండు వెనక నీడ, బండ నెర్రె అడుగు, గట్టి జిగటమన్ను మీద ఆగిన గులక పొర, వంక ఒడ్డు గడ్డి వేళ్ళ సందులు. పైన పరుచుకున్న తెల్ల ఇసుకను బకెట్ల కొద్దీ కడిగితే కాలం వృథా. ఒక నెర్రెలోంచి సన్నటి ఇనుప చువ్వతో గీకి, బ్రష్షుతో ఊడ్చి తీసిన పిడికెడు మట్టి దానికంటే ఎక్కువ చెబుతుంది.

రెండు వంకలు కలిసే చోట నమూనా తీసే పద్ధతి కొత్తవాళ్ళు తరచుగా తప్పుతారు. కలిసిన తర్వాత కింద ఒక్కచోటే తీస్తే బంగారం ఏ వంక తెచ్చిందో తెలియదు. కలయికకు కాస్త పైన, రెండు వంకల్లోనూ వేరువేరుగా తీయాలి. ప్రతిచోటా అదే బకెట్, అదే జల్లెడ, అదే కొలత. ఒకచోట నిండు బకెట్, ఇంకోచోట సగం కడిగి కణాలు లెక్కపెడితే ఆ లెక్కలు పక్కపక్కన పెట్టి పోల్చడానికి పనికిరావు. ఒక వంకలో పైకి వెళ్ళేకొద్దీ కణాలు పెరిగి, ఒకచోట ఉన్నట్టుండి ఆగిపోతే, ఆగిన చోటుకు కాస్త కింద రెండు పక్కల వాలును పరీక్షించాలి. అక్కడి నుంచి వంక వదిలి వాలు మట్టిని వరుసలుగా, సమదూరాల్లో తీసి కడుగుతూ ఎక్కాలి. రామగిరి లాంటి పాత గనుల కింది వంకల్లో మాత్రం ఈ లెక్క నమ్మకూడదు. అక్కడ గని దిబ్బల నుంచి కొట్టుకొచ్చిన మట్టి కలిసి ఉంటుంది. చెక్‌డ్యాంల వెనక పేరుకున్న ఒండ్రు కూడా ఎక్కడెక్కడి మట్టో కలగలిసినదే.

గాలించడం గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే జాడ పోయేది ఎక్కువగా ఇక్కడే. బియ్యంలో రాళ్ళు తీయడానికి మన ఇళ్ళల్లో ఆడవాళ్ళు రెండు గిన్నెలతో చేసే పనిలాంటిదే ఇది: తేలికైనది నీళ్ళతో పైకి లేచి పోతుంది, బరువైనది అడుగున ఆగుతుంది. ముందు మట్టిని నీళ్ళలో బాగా పిసికి జిగట వదిలించాలి. మన రేగడి కలిసిన మట్టిలో జిగట ఉండలు వదలకపోతే బంగారం ఆ ఉండలతో పాటే బయటికి పోతుంది. పెద్ద రాళ్ళను కడిగి తీసేయాలి. తర్వాత మట్టి ఉన్న పళ్ళేన్ని నీళ్ళలో మునిగేలా పెట్టి, చదునుగా పట్టుకుని, ఎడమకూ కుడికీ గట్టిగా కుదపాలి. ఈ కుదుపులోనే బరువైనది అడుగుకు దిగుతుంది. అది దిగకముందే పళ్ళెం వంచేవాళ్ళే ఎక్కువ. దిగాక కొద్దిగా ముందుకు వంచి, నీళ్ళు పై పొరను మాత్రం ఊడ్చుకుపోయేలా రెండు మూడు అలలు రానిచ్చి, మళ్ళీ చదును చేసి కుదపాలి. కుదపడం, వంచడం, మళ్ళీ కుదపడం. నల్ల ఇసుక గీతలా మిగిలాక చేయి నెమ్మదించాలి. ఆ ఇసుకను ఆరబెట్టి, కాగితంలో చుట్టిన అయస్కాంతంతో మాగ్నెటైటు తీసేస్తే పని సులువవుతుంది. పళ్ళేనికి నూనె జిడ్డు ఉంటే సన్నటి రేకుల్లాంటి బంగారం నీటి మీద తేలి పోతుంది. అందుకే ఇనుప పళ్ళేన్ని ముందు నిప్పు మీద కాల్చి జిడ్డు వదిలిస్తారు, లేదా నీళ్ళలో ఒక చుక్క సబ్బు వేస్తారు.

సాధనకు బంగారం అక్కర్లేదు. వలలకు కట్టే సీసపు గుండ్లను సన్నగా కత్తిరించి, సుత్తితో రేకులు చేసి, లెక్కపెట్టి ఇరవై ముక్కలు బకెట్ గులకలో కలిపి గాలించాలి. ఎన్ని మిగిలాయో చూడాలి. సీసం సాంద్రత 11.3 మాత్రమే కాబట్టి, సీసం నిలబెట్టుకోగలిగిన చేయి బంగారాన్ని ఇంకా బాగా నిలబెడుతుంది. ఇరవైకి ఇరవై వరుసగా వచ్చేదాకా ముక్కల్ని ఇంకా చిన్నవి చేస్తూ పోవాలి. తర్వాత చేతులు సబ్బుతో కడుక్కోవాలి, సీసం ఒంటికి మంచిది కాదు. పాదరసంతో బంగారం పట్టే పాత పద్ధతి జోలికి అసలు పోకూడదు. దాని ఆవిరి నరాల్ని దెబ్బతీస్తుంది, నీళ్ళలో కలిస్తే చేపల దాకా చేరుతుంది.

మెరిసేదంతా బంగారమా

పళ్ళెంలో పసుపు కణం కనిపిస్తే భూతద్దం తీయాలి. అభ్రకం ఒక కోణంలో మెరిసి ఇంకో కోణంలో ఆరిపోతుంది, నీళ్ళతో పైకి లేస్తుంది. బంగారం నీడలో కూడా అదే రంగులో కనిపిస్తుంది. సూది మొనతో నొక్కితే చాలు తేలిపోతుంది: పైరైటు పొడి అవుతుంది, అభ్రకం రేకులుగా చీలుతుంది, బంగారం నొక్కు పడి వంగుతుంది. గరుకు తెల్ల పింగాణీ మీద గీస్తే పైరైటు ఆకుపచ్చ కలిసిన నల్ల గీత పెడుతుంది, బంగారం పసుపు గీతే పెడుతుంది.

దూరం నుంచే భూమిలోని బంగారం చూపిస్తామంటూ అమ్మే పరికరాల మీద పెట్టే డబ్బు నేలపాలే. టన్నుకు రెండు గ్రాముల రజనును దూరం నుంచి పట్టే యంత్రం లేదు. ఆస్ట్రేలియాలో లోహశోధకాలు (మెటల్ డిటెక్టర్లు) పనిచేసేది అక్కడి నేలలో ముద్దలుగా బంగారం ఉంది కాబట్టి. ఇక్కడి రజనుకు అవి పనికిరావు. అప్పులు చేసి వీటిని కొన్నవాళ్ళకు ఈ చిన్న విషయం ముందే చెప్పేవాళ్ళు ఉంటే బాగుండేది.

నోటుపుస్తకం, ప్రయోగశాల

అన్వేషణలో అన్నిటికంటే విలువైన వస్తువు నోటుపుస్తకం. ప్రతి నమూనాకు ఒక సంఖ్య, జీపీఎస్ అంకెలు, రాతి రకం, తీగ సాగే దిక్కు, వాలు, ఎంత లోతు నుంచి తీశారు, ఎన్ని కణాలు కనిపించాయి అన్నీ అక్కడికక్కడే రాయాలి. ఏమీ రాని చోట్లు కూడా రాయాలి. సున్నాలు వరుసగా ఉన్న పటం మీదే బంగారు పట్టీకి హద్దు కనిపిస్తుంది. సున్నాలు రాయనివాళ్ళు మరుసటి ఏడాది మళ్ళీ అదే వంక కడుగుతారు.

రాతి నమూనాను బాగున్న ముక్క ఏరి పంపడం అందరికీ ఉండే బలహీనత. తీగ వెడల్పు మొత్తం అడ్డంగా, సమంగా చెక్కి తీసిన ముక్కలే ఆ తీగ సగటును చెబుతాయి. రాతిని మెత్తగా దంచాక రాశిగా పోసి, చదును చేసి, నాలుగు పాళ్ళు చేసి, ఎదురెదురు పాళ్ళు రెండు తీసుకుని మిగతావి పక్కన పెట్టాలి. పంపాల్సిన బరువుకు వచ్చేదాకా ఇలాగే చేస్తూ పోవాలి. ప్రయోగశాలలో 30 నుంచి 50 గ్రాముల పొడిని సీసపు సమ్మేళనంతో కొలిమిలో కరిగించి, బంగారాన్ని వేరు చేసి కొలుస్తారు. ఇంత చిన్న పిడికెడు కొన్ని కిలోల రాతికి ప్రతినిధి కావాలంటే ముందు దంచడం, కలపడం సరిగ్గా జరగాలి.

ప్రయోగశాలను కూడా పరీక్షించాలి. ప్రతి ఇరవై నమూనాల్లో ఒక దాన్ని రెండు సంచుల్లో వేరు సంఖ్యలతో పంపాలి, బంగారం లేదని తెలిసిన మామూలు గ్రానైటు పొడి ఒక సంచి కలపాలి. గ్రానైటు సంచిలో బంగారం వచ్చిందంటే ప్రయోగశాలలో ఎక్కడో మరకపడింది, ఆ విడత మొత్తం మళ్ళీ చేయించాలి. జంట సంచుల్లో ఒకటి టన్నుకు ఎనిమిది గ్రాములు, ఇంకొకటి అర గ్రాము చూపిస్తే తొందరపడి ఎవర్నీ అనుమానించకూడదు. ముతక కణాలు ఉన్న రాతిలో ఒక్క కణం ఏ సంచిలో పడితే ఆ అంకె పెరుగుతుంది. అలాంటప్పుడు పెద్ద నమూనా తీసి, దంచి, సన్నటి జల్లెడ పట్టి, జల్లెడ మీద ఆగిన ముతక భాగాన్ని, కిందికి జారిన పొడిని వేరువేరుగా పరీక్ష చేయించాలి. అప్పటికీ తేడా తగ్గకపోతే, ఆ చోట ఇంకా దగ్గర దగ్గరగా నమూనాలు తీసేదాకా ఆ అంకెల్లో దేన్నీ పటం మీదికి ఎక్కించకూడదు.